చరణం దాకా

శ్రీకాకుళం మొత్తం మీద చెవులున్నవాడు ఉదయభాస్కర్ ఒక్కడే. మిగతా ఊరికి ఉన్నవి కళ్ళజోడు తగిలించుకోవడానికి దేవుడు పెట్టిన కొక్కేలు. ఈ మాట అతను నోరు విడిచి ఏనాడూ అనలేదు, పాపం. కానీ ఎదురుగా ఎవరైనా ఫోన్లో పాట పెడితే కాఫీలో ఈగ పడ్డట్టు మొహం పెట్టేవాడు. పెట్టినవాళ్ళే ఏదో తప్పు చేసినట్టు ఆపేసేవారు.

అతను ఎచ్చెర్లలో ఒక కాలేజీలో పిల్లలకి ఫిజిక్సు చెబుతాడు. అది జీతం కోసం. అసలు ఉద్యోగం సాయంత్రం నాగావళి వంతెన దాటి ఇంటికొచ్చాక ముందుగదిలో మొదలవుతుంది. ఆ గదిలో గోడ పొడుగునా గ్రామఫోను ప్లేట్లు. వాటిని ప్లేట్లంటే అతనికి ఒళ్ళు మంట. "ప్లేటంటే ఇడ్లీ తినేది. ఇవి వినైల్ రికార్డులు" అని సరిదిద్దుతాడు. అతని ఒళ్ళు మంట అతనిది. మనం ప్లేట్లనే అనుకుందాం.

ఆ ఇంట్లో మనుషులకి ఫ్యాను, ప్లేట్లకి ఏసీ. పోపు వేసేముందు భార్య విశాలి ఆ గది తలుపు మూసుందో లేదో చూసి రావాలి, ఎందుకంటే ఆవాల పొగ వెళ్ళి గ్రామఫోను ముల్లు మీద కూర్చుంటుందట. అతను పాట వింటున్నంతసేపూ ఫ్రిజ్జు ఆపెయ్యాలి, దాని గుర్రు తంబురాకి అడ్డొస్తుందట. ఒకసారి వేసిన ప్లేటు ఆ రోజుకి మళ్ళీ వెయ్యకూడదు, గాడి వేడెక్కుతుందట, దానికి విశ్రాంతి కావాలట. తనూ కాలేజీలో పనిచేసి వచ్చి, వంటా తనే చేసే విశాలికి మాత్రం అలాంటి విశ్రాంతి ఏదీ ఏ పుస్తకంలోనూ రాసిలేదు. "ఈ ఇంట్లో పెద్దావిడ ఉన్నా ఆవిడకి మడీ లేదు, ఆచారమూ లేదు. అదంతా మా ఆయనకే" అని ఆమె పక్కింటివాళ్ళతో అనేది.

ఆదివారం వస్తే భుజాన సంచీ వేసుకుని బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, ఎక్కడ అటక ఉందంటే అక్కడికి బయల్దేరేవాడు. వెళ్ళినచోటల్లా అదృష్టమే. అట్ట మీద ఒక పేరుంటే లోపల ఇంకో ప్లేటు ఉండేది. అట్టా ప్లేటూ కలిస్తే బూజు పట్టి ఉండేది. బూజు లేకపోతే ఎండకి అప్పడంలా వంకర తిరిగి ఉండేది. అన్నీ కుదిరిన ప్లేటు ఒకటి కనిపిస్తే సరిగ్గా అప్పుడే ఇంటాయనకి వాళ్ళ నాన్న గుర్తొచ్చి, కళ్ళు తుడుచుకుని, ఇవ్వను పొమ్మనేవాడు. ఒకచోట మంచినీళ్ళ కుండ మీద మూతగా బోర్లించిన ప్లేటు చూసి అతను గుండెలు బాదుకుంటే, ఆ ఇంటావిడ "అయితే మా కుండకి మూతేటి, మీరు తెచ్చి ఎడతారా?" అని అడిగింది. ఆన్‌లైన్లో ఒకడు 'సరికొత్తగా ఉంది' అని ఫొటో పెట్టి పంపిస్తే, పార్సిల్ విప్పగానే ముక్కలు రాలాయి. ముక్కలు సరికొత్తగానే ఉన్నాయి. వాడు అబద్ధమాడలేదు.

ఇంతా చేసి ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో, చెవులున్న మనిషి మరొకావిడ ఉంది. ఉదయభాస్కర్ మేనత్త జ్ఞానాంబ. విజయనగరంలో ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా చేసి, భర్త పోయాక మేనల్లుడి ఇంటికొచ్చింది. వంటింట్లో విశాలి ఏ కూనిరాగమో తీస్తే పక్క గదిలోంచి గొంతు వచ్చేది: "విశాలీ, ఆ గాంధారం అక్కడ లేదమ్మా, కాస్త కింద వెతుక్కో." విశాలి నవ్వుకుని, వెతుక్కుని, దొరక్క, నోరు మూసుకునేది.

ఆవిడ తండ్రి జానకిరామయ్య గుడిలో పాడేవాడు. కీర్తనలు కట్టేవాడు. కట్టినవాడు చరణంలో తన పేరు పెట్టుకోవడం మన సంగీతంలో ఉన్న పద్ధతే కదా, ఆయనా పెట్టుకునేవాడు. జ్ఞానాంబ పడుచుప్పుడు ఆ కీర్తనల్లో ఒకటి మద్రాసు వెళ్ళి పాడితే, కంపెనీవాళ్ళు చిన్న ప్లేటు వేశారు. ప్లేటు బయటికొచ్చేసరికి జానకిరామయ్య లేడు. ఆవిడకని పంపిన కాపీ అత్తారింటికి చేరింది. ఆ ఇంట్లో దాన్ని వెయ్యడానికి మిషను లేదు. తోటికోడలు మాత్రం మహా పనిమంతురాలు. ఆ రోజుల్లో పాత ప్లేట్లని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక అంచులు వంచి, పూలగిన్నెలు చెయ్యడం ఇంటింటా ఒక కళ. ఆవిడ పాతదీ కొత్తదీ చూసుకోకుండా దాన్ని కూడా చక్కటి గిన్నె చేసి, ప్లాస్టిక్ గులాబీలు పెట్టి, షోకేసులో ఉంచింది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ గిన్నె ఇప్పటికీ ఆవిడ మంచం పక్కనే ఉంది, అందులో బీపీ మాత్రలు వేసుకుంటుంది. అడుగున చిల్లు ఉంది కనక చిన్న మాత్రలు జారిపోతాయి, పెద్దవే వేస్తుంది.

తన పాట ఆవిడ ఒక్కసారి విన్నది. శృంగవరపుకోట దగ్గర ఒక పల్లెలో బంధువుల పెళ్ళి. చెట్టుకి కట్టిన గొట్టం మైకులోంచి ఉన్నట్టుండి తన గొంతే ఊరంతా వినిపించేసరికి, చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెంతో వాకిట్లో నిలబడిపోయింది. పల్లవి అయింది. అనుపల్లవి అయింది. ఇంక చరణం రావాలి, చరణంలో నాన్న పేరు రావాలి. ఇంతలో మగపెళ్ళివారిలో ఒక పెద్దమనిషి "ఏట్రా ఆ ఏడుపు! మంచి సినిమాపాట ఎట్టరా" అని గట్టిగా కేకేశాడు. మైకుసెట్టువాడు ఎట్టాడు. జ్ఞానాంబ కాఫీలు ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఆవిడకి ఒకటే కోరిక. పోయేలోగా ఆ చరణం వినాలి. అంతే. తీర్థయాత్రలు అడగలేదు, నగలడగలేదు, ఇంకేమీ అడగలేదు.

ఆ ప్లేటు ఉదయభాస్కర్‌కి దొరికింది కూడా శృంగవరపుకోటలోనే. సోములు మైకుసెట్టు అంటే ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్ళికి పురోహితుడి తర్వాత అంతవాడు. ఇప్పుడు కొడుకులు డీజే పెట్టెలతో ఊళ్ళు అదరగొడుతున్నారు, సోములు వీధి అరుగు మీద కూర్చుని తన చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు. అటక మీంచి దింపిన మూటలో, పాత క్యాలెండరు కాగితంలో చుట్టి ఉంది ప్లేటు. లేబులు మీద 'జ్ఞానాంబ, విజయనగరం' అని చదివి ఉదయభాస్కర్ దాన్ని గబగబా వెలుతురుకి పట్టి చూశాడు. బయటి సగమంతా బూడిదతో తోమినట్టు తెల్లబడి ఉంది. లోపలి సగం నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇదేమిటి సోములూ, సగమే అరిగింది?"

"మరి సగమే కదా బాబూ ఏసీవోణ్ణి" అన్నాడు సోములు. "పెళ్లిలో పెద్దోలు కూకున్నప్పుడు కాసేపు సంగీతం ఎట్టమనీవోరు. ఎట్టీవోణ్ణి. ఆ ముందు ముక్క అయీసరికి కుర్రోలు గోల. తీసీసి సినిమాపాట ఎట్టీవోణ్ణి. ఏ పెళ్లికెల్లినా అదే వరస. ఆ ఎనక ఏటున్నాదో నాకూ తెల్దు. ఎవులూ ఇన్నేదు."

"ముందుసగం మరీ ఇంత పాడైందేమయ్యా?"

"ముల్లు ఎగిరిపోకండా తలకాయ మీద రూపాయి బిళ్ళ ఎట్టీవోణ్ణి కదా. గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతాదని ఒకోపాలి రెండు బిళ్ళలు ఎట్టీవోణ్ణి."

ఉదయభాస్కర్ కళ్ళు మూసుకుని అరుగు పట్టుకున్నాడు. సోములు కంగారుపడి మంచినీళ్ళు తెప్పించాడు. "కావాలంటే అట్టుకెల్లిపోండి బాబూ. నాకేటీ ఇవ్వక్కర్నేదు. తినడానికా, కట్టుకోడానికా" అన్నాడు.

ఇంటికి తెచ్చి చేతిలో పెడితే జ్ఞానాంబ లేబులు మీద తన పేరుని బొటనవేలితో తడిమింది. నల్లగా మెరిసే భాగం మీదికి వేలు వెళ్ళబోతుంటే ఉదయభాస్కర్ "అంచు, అంచు పట్టుకో అత్తయ్యా!" అని అరిచాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వెయ్యరా" అంది.

"ఇవాళ కాదత్తయ్యా."

"ఏం?"

"ఇది నీ పాట. దీన్ని ఎలాపడితే అలా వినిపిస్తానా నీకు? ముందు కడగాలి. ముల్లు మార్చాలి. ఆ పల్లవి అంతా గరగరలాడుతుంది."

"పల్లవి నాకెందుకురా, అది విన్నాగా. చరణం ఒక్కటీ వెయ్యి."

"మధ్యలోంచి వెయ్యడం మైకుసెట్టువాళ్ళ పని అత్తయ్యా" అన్నాడు ఉదయభాస్కర్. ఆ గొంతులో ఎంత జాలి ఉందో చెప్పలేం.

సరే, కడిగాడు. బ్యాటరీల్లో పోసే నీళ్ళతో కడిగాడు, మెత్తటి కుంచెతో కడిగాడు, ఎవరో విదేశీయుడు వీడియోలో చెప్పాడని తెల్లజిగురు పూసి, ఆరబెట్టి, తొక్కలా ఊడదీశాడు. అయ్యాక తలుపేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పరీక్షించాడు. పల్లవిలో గరగర ఉంది. ముల్లెత్తేశాడు. ముల్లు మార్చాడు. మళ్ళీ పరీక్షించాడు. గరగర ఉంది. ఎత్తేశాడు. చరణం దాకా ఒక్కసారీ వెళ్ళలేదు. సోములు ఎక్కడ ఎత్తేవాడో సరిగ్గా అక్కడే ఇతనూ ఎత్తేవాడు, తేడా అల్లా సోములు ఫిజిక్సు చదువుకోలేదు.

విశాఖపట్నంలో గిరిబాబు అని ఇతనికి ఒక స్నేహితుడున్నాడు. అదే పిచ్చి. కాకపోతే అతను పెళ్ళి చేసుకోలేదు, అందుకని సలహాలు ధారాళంగా ఇస్తాడు. "గురూ, ఆ ముల్లుకి న్యాయం జరగాలంటే చెయ్యి మార్చాలి" అన్నాడు. ముల్లుండే ఆ చెయ్యి మార్చారు. "చెయ్యి మారాక అడుగు కదలకూడదు గురూ. గ్రానైటు పలక మీద పెట్టు" అన్నాడు. టెక్కలి నుంచి నల్లటి గ్రానైటు పలక దిగింది. వంటింటి గట్టుకి పలక వేయించమని కొత్తకోడలుగా ఉన్నప్పట్నుంచి అడుగుతున్న విశాలి, గుమ్మంలో నిలబడి, నలుగురు మనుషులు దాన్ని ముందుగదిలోకి మొయ్యడం చూసింది. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదంతే.

ఈలోగా జ్ఞానాంబ రోజూ సాయంత్రం అడిగేది. "ఎప్పుడు వేస్తావురా భాస్కరం?"

"ఇంక ఎంతో లేదత్తయ్యా. వాల్వుల ఆంప్లిఫయరు వస్తోంది. అది వచ్చాక నీ గొంతు నీ పక్కనే కూర్చుని పాడినట్టుంటుంది."

విశాలి ఉండబట్టలేక ఒకరోజు నిలదీసింది. "ఏమండీ, ఆవిడకి కావల్సింది ఒక్క చరణం. మీరు కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ గది తాళం చెవి ఇవ్వండి, నేను ఏదో మిషను మీద వేసి వినిపించేస్తాను. పోనీ ఫోన్లో రికార్డు చేసి ఇవ్వండి."

"ఫోన్లోనా!" అన్నాడతను. ఆవిడకి విషం పెట్టమన్నట్టు చూశాడు. "జీవితమంతా ఎదురుచూసిన పాట, విశాలీ. మొదటిసారి చెవిన పడేది గొప్పగా పడాలి. నా తాపత్రయం నీకు అర్థం కాదు."

ఒకటి ఒప్పుకోవాలి. అతనికి మేనత్త అంటే నిజంగా ప్రాణం. ఆ ప్రేమ లేకపోతే ఆవిడ ఎప్పుడో వినేసి ఉండేది.

వాల్వుల ఆంప్లిఫయరు వచ్చింది. దానికి కరెంటు ఇవ్వడానికి ఎలక్ట్రీషియన్ త్రినాథ్ వచ్చాడు. పెద్ద తుపాను తర్వాత ఈ ఊళ్ళో ఇన్వర్టరు లేని ఇల్లు లేదు, వీళ్ళింట్లోనూ ఉంది. ప్లేటు తిప్పే మోటారుకి ఇన్వర్టరు లైను ఇమ్మన్నాడు ఉదయభాస్కర్, ఎదురింటివాళ్ళు నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా ఓల్టేజి పడి శ్రుతి దిగిపోకుండా. ఆంప్లిఫయరుకి మాత్రం నేరుగా వీధి కరెంటే ఇమ్మన్నాడు, ఇన్వర్టరు కరెంటు మొరటుదట, గమకాలకి గరుకు వస్తుందట. పెరట్లో గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోయించి, రాగిపలక పాతించి దానికంటూ వేరే ఎర్తు కూడా పెట్టించాడు.

త్రినాథ్ బుర్ర గోక్కున్నాడు. "రెండూ ఒక లైనుకే ఇచ్చీమంతారేటి సార్? లేపోతే కరెంటు పోయినప్పుడు ప్లేటు తిరుగుతానే ఉంతాది, పాట రాదు."

"కరెంటు లేనప్పుడు నేను వినను త్రినాథ్."

"మీ ఇష్టం సార్. మాదేటున్నాది" అన్నాడు త్రినాథ్.

ఆ రోజుల్లోనే విశాలి ఒక సంగతి కనిపెట్టింది. "ఏమండీ, ఈమధ్య నేను ఎంత అపశ్రుతిగా పాడుకున్నా అత్తయ్యగారు ఏమీ అనడం లేదు."

"నువ్వు బాగుపడి ఉంటావు."

"నిన్న కావాలని పాడాను. నాకే వినలేకపోయాను. ఆవిడ పలకలేదు. టీవీ కూడా సౌండు లేకుండా చూస్తున్నారు. నేను మాట్లాడితే మొహం చూడటం లేదు, పెదాలు చూస్తున్నారు. ఒకసారి చెవి డాక్టరుకి చూపిద్దామండీ."

ఉదయభాస్కర్‌కి నవ్వొచ్చింది. "మా వంశంలో చెవులు పోవడం లేదు విశాలీ. గుబిలి పట్టుంటుంది. రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యి." అంతటితో ఆగక గదిలోకి వెళ్ళి, ఆవిడ ఎదురుగా నిలబడి అడిగాడు. "అత్తయ్యా, సరిగా వినిపిస్తోందా నీకు?"

ఆవిడ అతని పెదాలకేసి చూసింది. "శుభ్రంగా వినిపిస్తోంది. నాకేం?" అంది.

"చూశావా?" అన్నాడతను భార్యతో. వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమన్నా ముందుగదిలో కనిపెట్టే చెవులవి, ఆ జవాబులో ఏమీ కనిపెట్టలేదు. జ్ఞానాంబ సాయంత్రాలు 'ఎప్పుడు వేస్తావు' అని అడగడం కూడా మానేసింది. సంగీతం మనిషి కదా, తన తపన అర్థం చేసుకుంది అనుకుని అతను సంతోషించాడు.

చివరికి ముహూర్తం కుదిరింది. ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఎదురింటివాళ్ళని ట్యాంకు ముందే నింపుకోమని బతిమాలాడు. ఫ్రిజ్జు ఆపించాడు. వాల్వులు పొద్దున్నుంచే వెలిగించి ఉంచాడు. ఆ గదిలో పాట సరిగ్గా వినిపించేది ఒక్క కుర్చీలోనే, అది తప్ప మిగతా ప్రపంచమంతా తప్పు స్థలమే. ఆ కుర్చీలో ఇంతవరకు అతను తప్ప ఎవరూ కూర్చోలేదు. ఇవాళ దాన్ని మేనత్తకి ఇచ్చాడు. ఆవిడ ఉతికిన పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, పెళ్ళివారింటికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. విశాలి గుమ్మం దగ్గర నిలబడింది.

ఉదయభాస్కర్ ఊపిరి బిగబట్టి ముల్లు దించాడు.

గరగర. ఇంత చేశాక కూడా గరగర! గ్రానైటు కింద, రాగి భూమిలో, అయినా సోములు రూపాయి బిళ్ళ ఎక్కడికీ పోలేదు. అతను ప్రతి చిటపటకీ ముడుచుకుపోయాడు. కానీ ఆ చప్పుళ్ళ వెనకనుంచి పడుచుపిల్ల గొంతు ఒకటి, భయం లేకుండా, పల్లవి ఎత్తుకుంది. ఎంత గొంతది! ఉదయభాస్కర్ మొదటిసారి గరగర మర్చిపోయాడు. ఎందుకు ఇన్నాళ్ళు ఆపానా అనిపించింది. మేనత్త వైపు చూశాడు. ఆవిడ ఒళ్ళో చెయ్యి తాళం వేస్తోంది. కళ్ళు ప్లేటు మీదనుంచి కదలడం లేదు.

అనుపల్లవి అయింది. ఫిడేలు చిన్న ముక్క వాయించింది. ముల్లు తెల్లటి సగం దాటి నల్లటి సగం అంచుకి వచ్చింది.

కరెంటు పోయింది.

ఏసీ నిట్టూర్చి ఆగింది. వాల్వుల్లో ఎర్రదనం చల్లారింది. ఫిడేలు సన్నబడి, సన్నబడి, లేకుండా పోయింది. ఇన్వర్టరు మీద ప్లేటు మాత్రం ఏమీ జరగనట్టు, శ్రుతి దిగకుండా తిరుగుతూనే ఉంది.

"ఛీ! ఈ వెధవ కరెంటు! ఇప్పుడే..." అంటూ ఉదయభాస్కర్ ముల్లెత్తడానికి ఒక్క గెంతు గెంతాడు.

జ్ఞానాంబ ఎడమ చెయ్యి పైకెత్తింది. "ఉష్! ఉండరా. చరణం వస్తోంది."

అతను చెయ్యి చాపినవాడు చాపినట్టే ఉండిపోయాడు. పెదాలు కనిపించకుండా కుర్చీ వెనక్కి వెళ్ళాడు. "అత్తయ్యా" అన్నాడు. ఆవిడ తిరగలేదు. "అత్తయ్యా, కరెంటు పోయింది" అన్నాడు గట్టిగా. గుమ్మం దగ్గర విశాలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో లేచి పడుతోంది, లేచి పడుతోంది, కళ్ళు మాత్రం నల్లటి గాడిలో నడుస్తున్న ముల్లు మీదే ఉన్నాయి.

ఉదయభాస్కర్ మిషను దగ్గరికి వెళ్ళి, దాని మీదికి వంగి, ఆ మహా చెవిని ముల్లు పక్కన పెట్టాడు. ముల్లే పాడుతోంది. దోమంత గొంతుతో, ఆంప్లిఫయరు లేకుండా, ఎర్తు లేకుండా, చరణం పాడుతోంది. ఒక్క గరగర లేదు. ఒక్క చిటపట లేదు. సోములు ముల్లు ఏనాడూ తొక్కని చోటు కదా, మద్రాసులో ఎలా పుట్టిందో అలాగే ఉంది. సోములు అరుగు మీద చేతికి వచ్చిన రోజున కూడా ఇలాగే ఉంది. కడగక్కర్లేదు, ముల్లు మార్చక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఆ రోజు 'చరణం ఒక్కటీ వెయ్యి' అన్నప్పుడు ఆవిడకి పక్క గదిలోంచి గాంధారం వినిపించేది.

తాతగారి పేరు వచ్చింది. అది అతనికి దోమపాటలో లీలగా వినిపించింది. సరిగ్గా అప్పుడే వెనక కుర్చీలో చెయ్యి ఆగి, రెండు చేతులూ కలిసి దణ్ణం పెట్టాయి.

ప్లేటు చివరికొచ్చింది. జ్ఞానాంబ కళ్ళు తుడుచుకుని మేనల్లుడి కేసి తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"విన్నావురా నాన్నగారి పేరు? ఎంత బాగా పలికిందో చూశావా? నువ్వు ఇన్నాళ్ళు కష్టపడ్డావు, ఊరికే పోలేదురా. ఒక్క చప్పుడు లేదు."

ఉదయభాస్కర్ తలూపాడు. ఇంక మాటతో లాభం లేదు.

"మళ్ళీ వెయ్యి" అంది ఆవిడ. "పల్లవి వద్దు. చరణం ఒక్కటీ."

"కరెంటు వచ్చేదాకా ఆగమనండి" అంది విశాలి, గుమ్మంలోంచి, ఏడుపు గొంతుతో. అతను అడ్డంగా తలూపాడు. కుంచె తియ్యలేదు. గాడి వేడెక్కుతుందని గుర్తు రాలేదు. వట్టి చేత్తో ముల్లెత్తి, అచ్చం మైకుసెట్టువాడిలా, తెలుపు ఆగి నలుపు మొదలయ్యేచోట దించాడు. దించి, వచ్చి కుర్చీ పక్కన, తప్పు స్థలంలో, నేల మీద చతికిలబడ్డాడు.

జ్ఞానాంబ చెయ్యి ఈసారి అతని భుజం మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఉదయభాస్కర్ ఆ చేతిని బట్టి చరణం విన్నాడు.